చిత్రిక పట్టకూడని బల్ల

సింగపూరు వెళ్ళొచ్చిన మనిషిని మా పిఠాపురంలో అందరూ ఒక్కటే అడుగుతారు, ఏం తెచ్చావని. టేప్ రికార్డరా, సెంటు సీసానా, కనీసం మడత గొడుగైనా తెచ్చావా అని. నేను తెచ్చినవి మూడు ఇనప బ్రష్షులు, బొమ్మలు గీసుకున్న ఒక నోటుపుస్తకం. ఆ బొమ్మలు చూసి మా ఆవిడ, "ఇదేమిటి, పాత సామాన్ల కొట్టుకి వెళ్ళొచ్చారా?" అంది. ఆవిడ తప్పేం లేదు. వెళ్ళకముందు నేనూ అలాగే అనుకున్నాను.

నేను వడ్రంగిని. మా నాన్న వడ్రంగి, ఆయన నాన్న వడ్రంగి. టేకు మీద చేయి వేస్తే జారిపోవాలి, అదే మా ఇంట్లో నేర్పిన చదువు. హైదరాబాదులో కంప్యూటర్ల పుణ్యమా అని రాత్రికి రాత్రి మేడలు లేస్తున్న రోజులవి. సురేందర్ గారని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయన, కొండ మీద ఇల్లు కట్టారు. వారి పూజామందిరం నేనే చేశాను. ఒకరోజు ఫోన్ చేసి ఇంటికి సామానంతా చేయమన్నారు. సంతోషించే లోపలే, "మీ నునుపులు మాత్రం నాకొద్దు చారి గారూ. రాంచ్ స్టైల్ కావాలి. వందేళ్ళు ఎండకు ఎండి వానకు నానినట్టు ఉండాలి" అన్నారు.

రాంచ్ అంటే అమెరికా పడమటి దిక్కున వేల ఎకరాల్లో పశువులు మేపుకునే ఆసాముల లోగిలి అట. వాళ్ళ మొరటు బల్లలు, ఊగే కుర్చీలు, గోడలకి గుర్రపు నాడాలు. సురేందర్ గారు పని మీద వెళ్ళి అలాంటి ఇంట్లో నాలుగు రోజులున్నారు. అప్పటినుంచీ ఆయనకు వేరే ఇంట్లో నిద్ర పట్టడం లేదు. అక్కడినుంచి ఓడలో తెప్పించుకుంటే తడిసి మోపెడవుతుందని, సింగపూరులో అలాంటివి చేసే చోటు ఉందని, చూసి నేర్చుకు రమ్మని నన్ను పది రోజులు పంపించారు. యాభై రెండేళ్ళ వయసులో పశువుల దొడ్డి సామాను నేర్చుకోవడానికి విమానం ఎక్కాను.

బెడోక్, సగం ఊగే కుర్చీ

నాకు బస సురేందర్ గారి కంపెనీలోనే పనిచేసే ఇంతియాజ్ గారింట్లో. మలక్‌పేట మనిషి. బెడోక్ అనే పేటలో, ఒకే అచ్చులో పోసినట్టున్న మేడల మధ్య, తొమ్మిదో అంతస్తులో ఉంటారు. కిటికీల్లోంచి వెదురు గడలు బయటికి చాచి బట్టలు ఆరేస్తారు అక్కడ. పై ఇంటివాళ్ళ చొక్కాలు మన నెత్తి మీద చేతులూపుతూ ఉంటాయి.

ఇంతియాజ్ గారి భార్య రఫియా గారు గుమ్మంలోనే అడిగేశారు. "చారి సాబ్, మీరు నీసు తింటరా, తినరా? మొహమాటం వద్దు, చెప్పుండ్రి."

"తిననమ్మా."

"గట్లనే అనుకున్న. అందుకే మీ కోసం కొత్త గిన్నెలు తెచ్చిన. మా గిన్నెల వండిందని మీరు మనసుల పెట్టుకోవద్దు."

నేనేమీ అడగకుండానే పరాయి దేశంలో ఒకావిడ నాకోసం రెండు గిన్నెలు, గరిటె విడిగా కొన్నది. పప్పుచారు, బగారా అన్నం పెట్టింది. తింటుంటే పొలమారింది. కారం వల్ల అనుకుంది ఆవిడ, మంచినీళ్ళిచ్చింది.

భోంచేసి హాల్లో ఒక ఊగే కుర్చీలో కూర్చోబోతే వాళ్ళ ఏడేళ్ళ పాప సనా అడ్డం వచ్చింది. "అంకుల్, నాట్ దట్ వన్ లా. దట్ వన్ అబ్బాది." ఆ పిల్ల సగం మాట ఇంగ్లీషు, తోక మాత్రం సింగపూరుది. నేను కుర్చీ చుట్టూ తిరిగి చూశాను. మొరటు దుంగల కుర్చీ, చేతుల మీద గాట్లు, అక్కడక్కడా పురుగు తొలిచిన బెజ్జాలు. చిన్నగా ఊపితే వెనక ఫ్రిజ్ తగిలింది.

"మీరు పోయేది గీ దుకాణంకే కద సాబ్," అన్నారు ఇంతియాజ్ గారు. "ఆడనే కొన్న. మొదలు బయట వరండాల వేసిన. పొద్దుగూకినంక ఆడ కూసుంటే మస్తుండె. దారికి అడ్డమని నోటీసొచ్చింది, లోపల పెట్టిన. ఇగ సగమే ఊగుతది."

"మరి ఇంత ఇరుకులో ఎందుకండీ ఇది?"

ఆయన కుర్చీ చేతి మీది గాటు వేలితో రుద్దారు. "మలక్‌పేటల మా ఇంట్ల నడుమ ఆంగన్, గదే ముంగిలి, ఉండె. మా అమ్మి ఆడ మంచమేసుకుని కూసునేది. ఇల్లు అమ్మేసినం. ఇక్కడ గది పక్కకు గది, దాని పక్కకు గది. గీ కుర్చీల కూసుని కండ్లు మూస్తే జరంత జాగా ఉన్నట్లనిపిస్తది."

అమెరికా ఆసామి కుర్చీలో కూర్చుని మలక్‌పేట ఆంగన్ చూసుకునే మనిషిని నేను అదే మొదలు చూడటం. నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆయన లేనప్పుడు ఒకసారి నేనూ కూర్చుని కళ్ళు మూసి చూశాను. నాకు ఫ్రిజ్ మోతే వినబడింది.

తంజోంగ్ పగార్, నాలుగడుగుల చక్రం

టాన్ గారి షోరూము తంజోంగ్ పగార్‌లో, పాత మేడల వరసలో ఉంది. తలుపు తీయగానే తోలు వాసన, పొగ వాసన. బండి చక్రానికి దీపాలు గుచ్చి కప్పుకు వేలాడదీశారు. పీపాలు బోర్లించి బల్లలు చేశారు. గుర్రపు జీను వేసిన స్టూళ్ళు, ఒక గోడకి కొమ్ములు, నడుం దాకానే ఉండి అటూ ఇటూ ఊగే తలుపులు. కుర్చీల మీద ఆవు తోలు, వెంట్రుకలతో సహా. నన్ను కూర్చోమంటే ఏదో చెప్పి నిలబడే ఉన్నాను. గంట సేపు నిలబడ్డాను. కాళ్ళు పీకాయి గాని అక్కడ కూర్చోవడం నా వల్ల కాలేదు.

కొనేవాళ్ళెవరో చూడాలని ఓ పక్కన ఉన్నాను. అందరూ కంప్యూటరు ఉద్యోగాల కుర్రకారే. కొత్తగా పెళ్ళయిన చీనా జంట ఒకటి చక్రం దీపం కింద నిలబడి వాదించుకుంటోంది. చక్రం నాలుగడుగులు, వాళ్ళ గది పదడుగులు. అబ్బాయి చేతులు చాచి గది చూపిస్తున్నాడు, అమ్మాయి కప్పు చూపిస్తోంది. చివరికి రెండు గుర్రపు నాడాలు కొనుక్కుని వెళ్ళిపోయారు. వాకిలి దాటేవరకు ఆ అబ్బాయి చక్రాన్ని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఇవన్నీ అమెరికాలో పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు కొని తెచ్చిన కర్రతో చేస్తారనే నేను అనుకున్నాను. టాన్ గారికి అరవయ్యేళ్ళుంటాయి, మాట కరుకు. నా కార్ఖానా ఇంగ్లీషు విని, "షోరూములో నువ్వు నేర్చుకునేదేం లేదు. రేపు తువాస్ వెళ్ళు. అక్కడ మా సూరి అంకుల్ ఉన్నాడు" అన్నాడు.

మధ్యాహ్నం ఇంతియాజ్ గారు ఆఫీసునుంచి వచ్చి నన్ను తిండికొట్ల సందడికి తీసుకెళ్ళారు. ఒకే కప్పు కింద యాభై కొట్లు. ఖాళీ బల్ల కనిపిస్తే కూర్చున్నాను. దాని మీద కాగితం రుమాళ్ళ పొట్లం ఉంటే, మర్యాదలు బాగున్నాయే అనుకుని చేతులు, మొహం, మెడ తుడుచుకున్నాను. ఈలోగా పళ్ళెం పట్టుకుని ఒకామె వచ్చి నా ముందు నిలబడింది. ఏమీ అనదు, కదలదు.

"లేవుండ్రి సాబ్," ఇంతియాజ్ గారు చెవిలో అన్నారు. "అది ఆమె పొట్లం. ఇక్కడ చోప్ అంటరు. మన దిక్కు బస్సుల కిటికీలకెళ్ళి టవల్ ఏసి సీటు పడ్తరు చూడు, గదే."

మా రావులపాలెం బస్సులో ఇంకొకడి తువ్వాలుతో మెడ తుడుచుకున్నంత పని చేశాను. క్షమించమన్నాను. ఆమె మిగిలిన రుమాళ్ళు కూడా నా చేతిలో పెట్టి కూర్చుంది. ఇంతియాజ్ గారు వెల్లుల్లి లేని రొట్టెలు రెండు, ప్లాస్టిక్ సంచిలో కాఫీ ఇప్పించారు. డాలరుకి పాతిక రూపాయలని లెక్క కట్టుకుని కాఫీ తాగకండి, చేదెక్కుతుంది.

తువాస్, నా ఘనకార్యం

తువాస్ ఊరికి పడమటి చివర. ఓడలు కట్టే చోట్లు, కార్ఖానాలు, పనివాళ్ళు పడుకునే పొడుగాటి కొట్టాలు. రైలు దిగాక టాన్ గారి లారీ వెనక ఎక్కాను. తమిళులు, బంగ్లా వాళ్ళు ఇరవై మంది అప్పటికే కూర్చున్నారు. మా ఊళ్ళో పెళ్ళివారు ట్రాక్టరులో వెళ్ళినట్టే, పాటలే లేవు. ఉమ్మేస్తే జరిమానా వేసే అంత శుభ్రమైన ఊళ్ళో మనుషుల్ని ఇలా తీసుకెళ్ళడం నాకు మింగుడు పడలేదు. పక్కనున్న పుదుక్కోట అతను జరిగి కాస్త నీడనిచ్చాడు.

షెడ్డుకు చేరేసరికి సూరి అంకుల్ ఇంకా రాలేదు. సరుకు దింపడానికి వెళ్ళాడట. నన్ను కూర్చోమన్నారు. కూర్చోవడం నాకు చేతగాని పని. చుట్టూ చూస్తే ఎనిమిది మంది భోంచేసే పెద్ద బల్ల ఒకటి గుర్రాలని మేం పిలిచే కొయ్య కాళ్ళ మీద పెట్టి ఉంది. కొత్త దేవదారు, ఇంకా జిగురు వాసన పోలేదు. దాని మీద ఎక్కడ చూసినా సొట్టలు, గీతలు, మేకు బెజ్జాలు. అంచులు కొరికేసినట్టున్నాయి. ఎవరో చేతకానివాడు పాడుచేశాడు పాపం అనుకున్నాను. పక్కనే కర్ర నునుపు చేసే చిత్రిక ఉంది. సాయం చేద్దామనిపించింది.

రెండు గంటలు పట్టాను. వంచిన నడుం ఎత్తలేదు. చిత్రిక ఆకు వీణ మీద వేలు జారినట్టు జారిపోతోంది. సొట్ట అన్నది లేకుండా, మొహం చూసుకునేంత నునుపుగా తీసి, ఊది, తుడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. మెప్పు కోసం చూస్తున్నానని ఒప్పుకుంటాను.

లారీ దిగి ఒక ముసలాయన లోపలికొచ్చాడు. సన్నగా, నల్లగా, చెవి వెనక పెన్సిలు. బల్ల దగ్గర ఆగిపోయాడు. అరచేత్తో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిమిరాడు. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు తెలుగులో అన్నాడు.

"ఎవరి చేయి ఇది? మంచి చేయి."

చేతులు విప్పి ముందుకొచ్చాను. "నేనేనండి. పిఠాపురం."

"అయ్యో తమ్ముడూ. మూడు దినాలు కొట్టినాను దాన్ని."

అప్పుడు తెలిసింది. అవి పాత కర్రలు కావు. కొత్త దేవదారు తెచ్చి, బల్ల చేసి, గొలుసుతో బాది, తాళంచెవుల గుత్తితో పొడిచి, మేకుతో పురుగు బెజ్జాలు దించి, ఇనప బ్రష్షుతో గీరి, ఇనప పీచు నానేసిన వెనిగరు పూసి బూడిదరంగు తెప్పించి, టీ నీళ్ళతో మురికి పట్టిస్తారు. వారం రోజుల్లో వందేళ్ళు. ఆ బల్ల ఎవరిదో హోటలుకి ఎల్లుండి వెళ్ళాలి.

సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో టాన్ గారు వచ్చి బల్ల చూసి మండిపడ్డారు. సూరి అంకుల్ నా వైపు చూడనైనా లేదు. "నేనే తీయించినాను బాస్. దెబ్బలు సరిగ్గా పడలేదు. కొంజం ఆగు, రేపు సాయంత్రం సుదా, అయిపోతుంది" అని ఇంగ్లీషు, తమిళం, మలై కలిపి చెప్పాడు. నలభై ఏళ్ళుగా పనిచేసే మనిషి మాట. టాన్ గారు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఇద్దరం చెరో గొలుసు పట్టుకున్నాం. నా చేయి లేవలేదు. కర్రకి దెబ్బ తగిలితే మా నాన్న నా వీపు చీరేసేవాడు. ఆయన లేచి వస్తాడేమో అన్నట్టు వెనక్కి చూశాను కూడా.

"వెయ్యి తమ్ముడూ," అన్నాడు ముసలాయన. "మొదటి వారం నేనూ ఏడ్చినాను. ఇప్పుడు చేతికి అలవాటు, మనసుకి కాలేదు."

మధ్యాహ్నం కబుర్లు

ఆయన పేరు సూరయ్య. మా కులమే, మా పనే. తాత కాకినాడ రేవులో ఓడెక్కి, సంచిలో ఉలి, బాడిస, రంపం వేసుకుని వచ్చాడట. మనవడికి పనీ, తెలుగూ ఆయనే నేర్పాడు. సూరయ్య గారు పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది అన్నీ సింగపూరులోనే. భార్య తమిళావిడ. పిల్లలకు తెలుగు రాదు. తాత పోయాక తెలుగు మాట్లాడటానికి ఆయనకు ఇంట్లో ఎవరూ లేరు. అందుకే ఆ మాటల్లో మా ముత్తవ్వ వాడిన పలుకులు తాజాగా ఉన్నాయి.

"మాకన్ అయిందా?" అని, అంటే తిన్నావా అని అడిగి, నా డబ్బాలోంచి రఫియా గారి పచ్చడి వేలితో తీసి నాకి, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"మాది గరువుపాలెం. ఉప్పాడకి ఇవతల. నీకు ఎరికేనా?"

ఎరికే. మా ఊరినుంచి సైకిలు దూరం. నేను బడికెళ్ళే రోజుల్లో దాని గుడి ధ్వజస్తంభం సముద్రంలో పడింది. మా అమ్మాయి పుట్టిన ఏడు చివరి వీధి పోయింది. అలలు ఏటేటా కోసుకుంటూ ఊరు మొత్తం తీసుకుపోయాయి. జనం తలో దిక్కు వెళ్ళిపోయారు. పోటు బాగా తగ్గిన రోజున పడవ వాళ్ళకు బావి ఒర కనబడుతుందంటారు, నేను చూడలేదు.

అదే చెప్పాలి. నోరు తెరిచాను. ఆ మనిషి అప్పుడే నా పరువు కాపాడాడు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, తినడం ఆపి, నా మొహంలోకి చూస్తున్నాడు.

"ఎరికేనండి," అన్నాను. "బాగుంది."

ఒక్క మాట అని వదిలేద్దామనుకున్నాను. ఆయన వదిలితేనా? రోజూ మధ్యాహ్నం ఒక ప్రశ్న పట్టుకొచ్చేవాడు. బావి ఉందా? ఉందండి, ఒర పగిలింది, గిలక కిర్రుమంటుంది. గానుగ ఆడుతోందా? ఆడుతోందండి, ఎద్దు ముసలిదైపోయింది. పొద్దున పూట ఎవరైనా అట్లు వేస్తారా? నూకాలమ్మ వేస్తుందండి, అల్లం ఎక్కువ వేస్తుంది. ఇళ్ళకు అరుగులున్నాయా? ఉన్నాయండి. మా దాయాదులున్నారా? అక్కడ మాత్రం నోరు కాస్త తడబడింది. ఉండే ఉంటారండి, అన్నాను.

అబద్ధం ఎంత హాయిగా ఉంటుందో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది. పొద్దున గొలుసుతో కొత్త బల్లను పాతది చేసేవాణ్ణి, మధ్యాహ్నం లేని ఊరికి ఇళ్ళు కట్టేవాణ్ణి. రైల్లో వెళ్తూ రేపు చెప్పాల్సిన వీధి గురించి ఆలోచించుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఇంటిమీద బెంగతో నాకూ ఆ కబుర్లే ఆసరా. ఆయన వింటుంటే నేను మా వాళ్ళ మధ్య ఉన్నట్టుండేది.

శుక్రవారం నాడు సూరయ్య గారు డబ్బా మూత పెడుతూ చెప్పాడు. "ఈ నెలాఖరుకి పని మానేస్తున్నాను తమ్ముడూ. ఊరికి టికెట్ కొన్నాను. నలభై ఏళ్ళుగా పోవాలనుకున్నాను గాని, ఊరు ఉందో లేదో అని భయం. నువ్వు చెప్పినాక ధైర్యం వచ్చింది."

నేను మిగిలిన అన్నం మీద అలాగే మూత పెట్టేశాను.

మళ్ళీ తంజోంగ్ పగార్, పదో అంతస్తు

ఆదివారం భోజనానికి వాళ్ళింటికి పిలిచాడు. టాన్ గారి షోరూముకి రెండు వీధుల అవతల పాత మేడ. కిటికీలోంచి ఓడరేవు, పెట్టెలెత్తే ఇనప కొంగలు కనిపిస్తాయి. ఇంట్లో గొలుసు దెబ్బల సామాను ఒక్కటీ లేదు. అన్నీ ప్లాస్టిక్ కుర్చీలే. "పగలంతా కొట్టేది చాలదా, ఇంట్లో కూడానా?" అన్నాడు. ఆయన భార్య పుష్పం గారు సాంబారు, వాళై పూ అనే అరటిపువ్వు వడలు చేశారు. నాకు తమిళం రాదు, ఆవిడకు తెలుగు రాదు. వడ్డించడానికి భాష అక్కర్లేదని ఆవిడ నాలుగోసారి అన్నం వేసినప్పుడు గట్టిగా నమ్మాను.

తిన్నాక సూరయ్య గారు మంచం కిందినుంచి పాత దుప్పటి చుట్టిన పొడుగాటిది లాగాడు. విప్పితే గడప. చెంగల్ అని మలై దేశపు కర్ర, మన మద్ది కంటే గట్టి. మధ్యలో తామరపువ్వు, రెండు పక్కలా లతలు. నా చేయి దానంతటదే వెళ్ళి నిమిరింది. దెబ్బ లేదు, గాటు లేదు. మా నాన్న చూసుంటే ఏమీ అనకుండా పక్కన కూర్చునేవాడు.

"ఏడేళ్ళు చేసినాను, ఆదివారం ఆదివారం. మా తాత చచ్చిపోయేటప్పుడు కూడా ఆ ఇంటి గుమ్మమే తలచుకున్నాడు. పొట్టి గుమ్మం, తల వంచి పోవాలి అని. ఇది ఆ ఇంటికి." రెండు చివరలూ కోయకుండా పొడుగ్గా వదిలేసి ఉన్నాయి. జేబులోంచి టేపు తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు ముందు పోతావు గదా. మా గుమ్మం కొలిచి కాయితం రాయి. లోపలి కొలత, బయటి కొలత. నూలు తేడా రాకూడదు. అప్పుడు కోసి తెస్తాను."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా పనిలో మనిషి పరువు ఆ నూలు మీద ఉంటుంది. బావి గురించి చెప్పాను, ఎద్దు గురించి చెప్పాను, అట్లలో అల్లం గురించి చెప్పాను. కొలత దగ్గర మాత్రం నా నాలుక అడ్డం తిరిగింది. ఏదో ఒక అంకె రాస్తే ఆయన దాని ప్రకారం ఆ చెంగల్ కర్ర కోసేస్తాడు. టేపు ఆయన మంచం మీద పెట్టేశాను.

"ఆ గుమ్మం లేదండి."

"పడగొట్టినారా?"

"ఊరే లేదండి. సముద్రం తీసుకుపోయింది."

పుష్పం గారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఎన్నేళ్ళయింది?"

"చివరి వీధి పోయి ఇరవై ఏళ్ళు."

"మనుషులు?"

"ప్రాణాలకేం కాలేదండి. తలో ఊరూ వెళ్ళిపోయారు. మీవాళ్ళెక్కడున్నారో నాకు తెలీదు."

ఆయన గడప మీదున్న పొట్టు ఒకటి గోటితో తీశాడు. "మరి నువ్వు చెప్పిన బావి?"

"మా వీధిదండి."

"గానుగ?"

"మా వీధి చివరిది."

"నూకాలమ్మ?"

"మా ఎదురిల్లు."

దుప్పటి అంచు లాగి గడప మీద కప్పాడు. తిట్టినా బాగుండేది. "నాకు కూడా బల్ల చేసి అమ్మినావా తమ్ముడూ," అన్నాడు.

తల ఎత్తలేకపోయాను. మీరు అన్నం తినడం ఆపి నా వైపు చూశారండి, అందుకే చెప్పలేకపోయాను అన్నాను. అది సంజాయిషీ కాదని నాకూ తెలుసు. ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. కింద రేవులో ఒక ఓడ బయలుదేరుతోంది. దాని వైపే చూస్తూ అడిగాడు.

"ఇక్కడ ఎవరైనా నీది ఏ ఊరని అడిగితే గరువుపాలెం అని చెప్పేవాణ్ణి. అరవై ఏళ్ళు చెప్పినాను. ఇప్పుడేం చెప్పాలి?"

  పుష్పం గారు దగ్గరికెళ్ళి ఏమైందో తమిళంలో అడిగారు, ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేను చెప్పులేసుకోబోతుంటే వెనకనుంచి పిలిచాడు. "కూర్చో. మీ వీధి ఉంది గదా. అది చెప్పు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. బావి ఉంది, ఎండాకాలం నీళ్ళుండవు, అడుగున ఎవరిదో చెప్పు కనిపిస్తూ ఉంటుంది. గానుగ మూతపడబోతోంది, ప్యాకెట్ నూనెలు వచ్చేశాయి. నూకాలమ్మకి నోటి దురుసు, చిల్లర ఇవ్వదు. మధ్యాహ్నం కరెంటు పోతుంది. మురిక్కాలవ పొంగితే వీధంతా వాసన. మా అరుగు మూల సిమెంటు ఊడిపోయి రెండేళ్ళయింది, వడ్రంగి ఇంటికి తాపీ మేస్త్రీ తొందరగా రాడు. ఆయన ఒక్కొక్కదానికీ తలాడిస్తూ విన్నాడు. నూకాలమ్మ చిల్లర దగ్గర కాస్త నవ్వాడు.

"టికెట్ మార్చను," అన్నాడు చివరికి. "ఆ నీళ్ళ దాకా తీసుకెళ్ళు, చూస్తాను. తర్వాత మీ ఇంటికి వస్తాను. గడప ఇక్కడే ఉంటుంది. కొలత లేకుండా కొయ్యను."

పిఠాపురం

సురేందర్ గారి బల్ల మొన్ననే పూర్తయింది. మా పనివాళ్ళు గొలుసు ముట్టుకోం అన్నారు. పిచ్చి పట్టిందా అన్నట్టు చూశారు. నేనే కొట్టాను. సురేందర్ గారు కారు దిగి దానిమీద చేయి పెట్టి, సరిగ్గా ఇదే, ఇదే అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతకుముందైతే నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంతియాజ్ గారి కుర్చీ, చక్రాన్ని వెనక్కి తిరిగి చూసిన ఆ చీనా అబ్బాయి గుర్తొచ్చారు. లేని చోటు కోసం మనిషి ఏమైనా కొంటాడు. అది చేసి ఇచ్చేవాడిగా నేను ఇక నవ్వలేను.

సూరయ్య గారు వచ్చే బుధవారం దిగుతున్నారు. ఉప్పాడ పడవ అతనితో మాట్లాడి ఉంచాను. గరువుపాలెం మీదికి తీసుకెళ్ళి, ఇక్కడ అని చూపిస్తానన్నాడు. మా ఆవిడ ఇల్లంతా సున్నం వేయించింది, కొత్త దుప్పట్లు తెచ్చింది. నిన్న పొద్దున తాపీ మేస్త్రీ తనంతట తనే వీధిలో కనిపిస్తే ఆపేసింది.

"అంత దూరంనుంచి పెద్దాయన వస్తుంటే అరుగు మూల అలా ఉంటే ఏం బాగుంటుందండీ? ఇవాళే కట్టించేద్దాం."

మేస్త్రీని పంపించేశాను. ఊడిపోయి ఉందని సూరయ్య గారికి చెప్పి వచ్చాను.